ఎవరి చెట్టు, ఎవరి పడవ

రన్ దీవిలో మంచినీటి ఊట లేదు. మూడు కిలోమీటర్ల పొడవు, కిలోమీటరు లోపు వెడల్పు ఉన్న ఆ గుట్ట మీద వాన కురిసినప్పుడు పట్టి దాచుకున్న నీళ్లే నీళ్లు. వరి పండదు. బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, మేకులు, బడిపిల్లల పుస్తకాలు అన్నీ పడవ మీద రావాల్సిందే. జావాకు తూర్పున రెండు వేల కిలోమీటర్ల అవతల, సముద్రం మధ్య విసిరేసినట్టుండే బందా దీవుల్లో పడమటి కొసన ఉన్నది ఇదే. అక్కడ పుష్కలంగా ఉన్నది ఒక్కటే, జాజికాయ చెట్టు. 18వ శతాబ్ది చివరిదాకా ప్రపంచంలో అమ్ముడైన జాజికాయా జాపత్రీ దాదాపు అంతా ఈ గుప్పెడు దీవుల సరుకే.

నేను చరిత్ర చదివినదాన్ని కాను. విజయవాడ వన్‌టౌన్‌లో మసాలా దినుసుల టోకు దుకాణం నడిపినదాన్ని. మావారు పోయిన తర్వాత చిట్టా, ఆవర్జా రెండూ నా చేతికే వచ్చాయి. అందుకేనేమో, ఏ ఊరి కథ విన్నా సరుకు ఎవరిది, కూలి ఎవరిది, కిరాయి ఎవరికి ముట్టింది అన్న మూడు ప్రశ్నలే నా బుర్రలో మెదులుతాయి. కూతురూ అల్లుడూ ఉద్యోగాల మీద జావాలో స్థిరపడ్డాక, నాకు కాస్త తీరిక చిక్కాక, ఇన్నేళ్లూ తూకం వేసి అమ్మిన సరుకు పుట్టిల్లు చూడాలనిపించింది. చూసి, దొరికినంత చదివి, నేను తేల్చుకున్నది ఇది: బందాలో చెట్టు ఎవరిదన్న సంగతి ఏ కాలంలోనూ చెట్టు దగ్గర తేలలేదు. పడవల రేవులో తేలింది.

పాతకాలపు బందాకు రాజు లేడు. ఒక్కో ఊరికి 'ఒరాంగ్ కాయా' అనే పెద్ద షావుకార్లు ఉండేవాళ్లు. తగవులు తీర్చేదీ వాళ్లే, బేరాలు కుదిర్చేదీ వాళ్లే. సొంత ఓడలుండేవి, మలక్కా దాకా పోయి వచ్చేవాళ్లు. జావా, మలయా వర్తకులు పడమటి గాలి మీద వచ్చి, గాలి తూర్పుకు తిరిగేదాకా నెలల తరబడి అక్కడే మకాం వేసి, సరుకు నింపుకుని తిరుగు ప్రయాణం కట్టేవాళ్లు. 1512లో పోర్చుగీసు వాళ్లు వచ్చేనాటికే ఈ రాకపోకలు పాతబడిపోయిన వ్యవహారం. జాజికాయకు బదులుగా దీవులవాళ్లు అడిగింది తిండి, బట్ట. సెరామ్, కై, అరూ దీవుల నుంచి సాగో పిండి వచ్చేది. జావా నుంచి బియ్యం వచ్చేది. బట్ట మాత్రం మన దేశం నుంచి పోయేది, గుజరాత్ పటోలాలు, కోరమండల్ తీరపు నేతలు, అద్దకాలు. ఉత్త వెండి తీసుకుపోయినవాడి కంటే బట్టల మూటలు దించినవాడికి అక్కడ మర్యాద ఎక్కువ.

నా పుట్టిల్లు బందరు. వలందపాలెం మీదుగా నడుస్తూ, డచ్చివాళ్ల సమాధుల మీద చెక్కిన పుర్రె బొమ్మలు చూసి భయపడుతూ పెరిగాను. వీళ్లు ఇంత దూరం మన ఊరికి ఎందుకొచ్చారని ఏ మాస్టారూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వాళ్లకు అసలు కావలసింది బందా జాజికాయ. దానికి మారకంగా చెల్లేది మన బట్ట. 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది. గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏలుతుండగా, 1605-06లో కంపెనీవాళ్లు బందరులోనూ నిజాంపట్నంలోనూ కొట్లు తెరిచారు. నిజాంపట్నం వైపు చిరివేరుతో అద్దిన ఎరుపుకి పెట్టింది పేరు. ఆ తర్వాత పాలకొల్లులోనూ దిగారు. కోరమండల్ తీరం మొలుక్కస్ దీవుల వ్యాపారానికి ఎడమ చెయ్యి లాంటిదని హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి 1612లో రాశాడు. పెడన, బందరు మగ్గాల దగ్గర కూర్చున్నవాళ్లకు బందా అనే ఊరుందని తెలిసి ఉండదు. బందాలో ఆ బట్ట కట్టుకున్నవాళ్లకూ బందరు పేరు తెలిసి ఉండదు. మధ్యలో ఓడవాడికి రెండూ తెలుసు, లాభమూ వాడిదే.

డచ్చివాళ్లు మొదట్లో తెచ్చింది ఏమిటనుకున్నారు? దళసరి ఉన్ని బట్టలు! భూమధ్యరేఖ పక్కన ఉన్ని! పైగా పంటంతా మాకే అమ్మాలి, ఇంకెవరికీ అమ్మకూడదు అని ఒప్పందాలు రాయించుకున్నారు. తమకు తెలియని భాషలో రాసిన కాగితం మీద షావుకార్లు కొందరు సంతకాలు పెట్టారు. ఆపైన యథాప్రకారం బియ్యం తెచ్చిన జావా వాడికి అమ్ముకున్నారు. నేనైనా అదే చేసేదాన్ని. తిండి తేనివాడికి పంట రాసిచ్చి పస్తులుండే రైతు ఎక్కడుంటాడు? కంపెనీ దృష్టిలో మాత్రం ఇది మాట తప్పడం. 1609లో వెర్హూవెన్ అనే నౌకాధిపతి కోట కట్టడానికి దిగితే బందావాళ్లు మాటలకని పిలిచి, మాటు వేసి, అతన్నీ వెంట వచ్చినవాళ్లనూ చంపేశారు. ఆ నౌకాదళంతో వచ్చిన కుర్ర ఉద్యోగుల్లో యాన్ పీటర్‌స్జోన్ కూన్ ఒకడు.

ఈ లోపు ఇంగ్లీషువాళ్లు రంగంలోకి దిగారు. డచ్చివాళ్లు ఒక్కో దీవినీ మింగుతుంటే రన్ షావుకార్లు మరో పడవవాడిని వెతుక్కున్నారు. 1616 డిసెంబరులో నెథానియల్ కోర్ట్‌హోప్ రెండు ఓడలతో వచ్చాడు. షావుకార్లు రన్‌నూ దగ్గర్లోని ఐ దీవినీ ఇంగ్లండు రాజు జేమ్స్‌కు అప్పగిస్తూ పత్రం రాశారు, దానికి గుర్తుగా వేరుకు మట్టి అంటుకునున్న జాజి మొక్కను ఇచ్చారు. కాగితం తెల్లవాళ్ల పద్ధతి, మట్టితో మొక్క వీళ్ల పద్ధతి. ఇకమీదట తన బిరుదుల్లో ఈ రెండు చిన్న దీవులూ చేరాయని జేమ్స్ ముచ్చటపడ్డాడట.

ముచ్చట ఎంతకాలం? రన్‌లో నీళ్లు లేవని మొదటే చెప్పాను. రెండు ఓడల్లో 'స్వాన్' నీళ్ల కోసం సెరామ్ వైపు పోయి డచ్చివాళ్లకు చిక్కింది. రెండోదీ చేజారింది. ఓడల్లేని కోర్ట్‌హోప్ పక్కనున్న నైలకా అనే ఇసుక తిన్నె మీద ఫిరంగులు పెట్టుకుని, బియ్యం వస్తే తిని, రాకపోతే ఊరివాళ్లు పెట్టిన సాగో తిని, దాదాపు నాలుగేళ్లు కాచుకుని కూర్చున్నాడు. 1620 అక్టోబరులో రాత్రిపూట చిన్న పడవలో పోతుండగా డచ్చివాళ్లు కాల్చారు. ఇంగ్లీషువాళ్లకు ఆయన వీరుడు. ఆ నాలుగేళ్లూ తమ గాదెల్లోంచి అతనికి తిండి పెట్టిన రన్ ఆడవాళ్ల గురించి ఏ పుస్తకమూ అంత వివరంగా చెప్పదు.

1621లో కూన్ తిరిగొచ్చాడు, ఈసారి గవర్నర్ జనరల్ హోదాలో, ఓడల దండుతో, జపాన్ కిరాయి సిపాయిలతో. లోంథోర్ దీవిని పట్టాడు. జనం కొండలెక్కారు. కొండ మీద తిండి లేదు, కింద రేవంతా కంపెనీ ఓడలు. ఆకలికి చచ్చినవాళ్లు, కొండ మీంచి దూకినవాళ్లు, జావాలోని బటావియాకు బానిసలుగా పోయినవాళ్లు... మే 8న నైరా దీవిలోని డచ్చివాళ్ల నస్సావ్ కోట దగ్గర 44 మంది షావుకార్లను జపాన్ సిపాయిల చేత నరికించాడు. అంతకుముందు పదిహేను వేలమంది దాకా ఉన్నారనుకునే దీవుల్లో మిగిలింది వెయ్యిమంది. కొందరు పడవలెక్కి కై దీవులకు పారిపోయారు. కై బెసార్‌లో బందా ఎలీ, బందా ఎలాత్ అనే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి, పాత బందా భాష బతికున్నది అక్కడే. బందాలో బతికి లేదు.

ఇక నాకు బాగా పరిచయమున్న విషయానికొస్తాను, ఆస్తి లెక్క.

మనుషులు పోయాక భూమి మిగిలింది. దాన్ని కంపెనీ 'పెర్క్' అనే కమతాలుగా కోసింది. మొత్తం 68. లోంథోర్‌లో 34, ఐ దీవిలో 31, నైరాలో 3. రన్‌కి ఒక్కటీ లేదు, ఎందుకంటే ఇంగ్లీషువాడి చేతికి దక్కకూడదని అక్కడి జాజి చెట్లన్నీ నరికేశారు. కమతాలను కంపెనీ కొలువు ముగిసిన సిపాయిలకూ గుమాస్తాలకూ ఇచ్చారు. వాళ్లను పెర్కెనీర్లు అన్నారు. ఒక్కో కమతానికి సుమారు పాతికమంది బానిసలు. ఇచ్చింది చూస్తే జమీందారీ ఇచ్చినట్టే ఉంటుంది. షరతులు చదవండి. పండినదంతా కంపెనీకే తోలాలి. ధర కంపెనీ చెప్పినదే. ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మే ధరలో 122వ వంతు పెర్కెనీర్ చేతికి వచ్చేదని లెక్క కట్టినవాళ్లున్నారు. బానిసల్ని అరువుకు సరఫరా చేసేది కంపెనీయే, బియ్యం అమ్మేదీ కంపెనీయే, బట్ట అమ్మేదీ కంపెనీయే. అటు కొనేవాడొకడే, ఇటు అమ్మేవాడూ వాడే. మా వన్‌టౌన్‌లో ఇలాంటి ఖాతాలు చూశాను. ఆ పద్దులో అప్పు వైపు ఎప్పటికీ తెగదు. పెర్కెనీర్లు అప్పుల్లో పుట్టి అప్పుల్లో పోయారు, మధ్యమధ్య మంచి పంట వచ్చినప్పుడు నైరాలో పాలరాతి గచ్చు వేయించుకుని, పేకాటాడి, మళ్లీ అప్పు చేశారు. వాళ్ల మీద నాకు జాలి లేదు. వాళ్ల కింద పాతికమంది ఉన్నారు కదా.

ఆ పాతికమంది ఎక్కడివాళ్లు? కంపెనీ పడవ పోయిన ప్రతి రేవు నుంచీ తెచ్చారు. అరూ, కై, బురూ, తిమోర్, జావా, బోర్నియో, గుజరాత్, మలబార్. కోరమండల్ తీరం కూడా ఆ పట్టీలో ఉంది. మనవైపు కరువొచ్చినప్పుడల్లా పులికాట్ లాంటి రేవుల్లో మనుషులు చవకయ్యేవాళ్లు, డచ్ ఓడల్లో వేల లెక్కన తూర్పుకు పోయారు. ఒకే తీరం నుంచి బట్టా పోయింది, ఆ బట్ట నేసినవాళ్ల ఇరుగుపొరుగూ పోయారు. బట్టకు బీజకం ఉంది, ఫలానా రంగు, ఇన్ని మూరలు, ఇన్ని బేళ్లు అని. మనుషుల పేర్లు కావాలంటే వెతుక్కోవాలి.

డచ్ ఇండీస్‌లో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1860 జనవరి 1న. తర్వాత తోటల్లోకి ఖైదీలనూ, జావా నుంచి కాంట్రాక్టు కూలీలనూ దించారు. ఇప్పుడు బందాలో కనిపించే ముఖాలు చాలావరకు ఈ పడవల్లో వచ్చినవాళ్ల సంతతే. నైరా బజారులో ఒకామె అచ్చం మా మేనత్తలా ఉంటే ఆగి చూశాను. దాని మీద సిద్ధాంతం కట్టను.

రన్, న్యూయార్క్ మార్పిడి కథ మీరు వినే ఉంటారు, 1667లో బ్రెడా సంధిలో రన్ ఇచ్చి మన్‌హటన్ తీసుకున్నారని. చెప్పుకోవడానికి బాగుంటుంది. జరిగింది అంత చక్కటి బేరం కాదు. అప్పటికి ఎవరి చేతిలో ఉన్నది వాళ్లు ఉంచుకోవాలని సంధిలో ఒప్పుకున్నారు. మన్‌హటన్‌ను ఇంగ్లీషువాళ్లు 1664లోనే పట్టుకున్నారు, రన్ డచ్చివాళ్ల చేతిలో ఉంది. 1616లో మట్టితో మొక్క ఇచ్చిన షావుకార్ల వారసుల్ని ఎవరూ పిలవలేదు, పిలవడానికి పెద్దగా ఎవరూ మిగల్లేదు. ఆస్తి చేతులు మారినప్పుడు హద్దుదారుల సంతకాలు ఉండాలి అంటారు మనవాళ్లు. ఇక్కడ హద్దుల్లో ఉన్నది సముద్రమే.

గుత్త పగిలింది కత్తితో కాదు, మొక్కతో. 1796లో మద్రాసు నుంచి వచ్చిన ఇంగ్లీషు దళం బందాను పట్టుకుంది. మళ్లీ 1810లో కెప్టెన్ కోల్ మద్రాసు నుంచే బయల్దేరి, మద్రాసు యూరోపియన్ రెజిమెంటు సోల్జర్లను వెంటబెట్టుకుని రాత్రికి రాత్రి నైరాలో దిగి బెల్జికా కోట ఎక్కాడు. రెండుసార్లూ దీవులు డచ్చివాళ్లకు తిరిగి ఇచ్చేశారు. ఈ లోగా జాజి మొక్కల్ని పెట్టెల్లో పెట్టి పెనాంగ్‌కూ బెంకూలెన్‌కూ తోలారు. ఆ తర్వాత అది గ్రెనడాకు పాకి, ఆ దేశపు జెండా మీదే ఎక్కి కూర్చుంది. కేరళ కొబ్బరితోటల్లోకీ వచ్చింది. మా కొట్టుకు వచ్చే సరుకులో ఎక్కువ భాగం కొచ్చి వైపు నుంచి లారీలో దిగేదే. ఇన్ని దేశాల్లో కాసే కాయకు రాజుల ధర ఎవరిస్తారు?

ధర పోయాక ఓడలూ పలచబడ్డాయి. 1891 నుంచి కేపీఎం అనే డచ్ ఓడల కంపెనీ స్టీమర్లు నడిచేవి. బందా అంత మూలన ఉంది కనకే 1936లో డచ్ ప్రభుత్వం స్వాతంత్ర్య పోరాట నాయకులు మహమ్మద్ హత్తానూ సుతాన్ షహ్రీర్‌నూ అక్కడ ప్రవాసంలో పెట్టింది. తర్వాత స్వతంత్ర ఇండోనేషియాకు హత్తా ఉపాధ్యక్షుడు, షహ్రీర్ ప్రధాని అయ్యారు. హత్తా 16 పెట్టెల పుస్తకాలతో దిగాడట. 1942లో నీటి మీద వాలే విమానం వచ్చి తీసుకుపోయేటప్పుడు షహ్రీర్ తను పెంచుకున్న పిల్లల్ని ఎక్కించుకుంటానన్నాడు, పుస్తకాలకు చోటు లేకపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ప్రభుత్వ ఓడల సంస్థ పెల్ని వచ్చింది. ఇప్పటికీ అంబోన్ దీవి నుంచి బందాకు పోవాలంటే ఆ ఓడే పెద్ద దిక్కు. సముద్రం నెమ్మదించిన నెలల్లో వేగంగా పోయే పడవలూ నడుస్తాయి. గాలి ముదిరితే ఏదీ నడవదు. అలాంటప్పుడు ఎవరైనా సరే, మంత్రైనా సరే, నైరాలో కూర్చోవాల్సిందే.

నైరా నుంచి రన్‌కి చెక్క మోటారు పడవ. రన్‌వాళ్లు తెల్లవారుజామున వచ్చి బజారు పని చూసుకుని మధ్యాహ్నానికి వెనక్కి పోతారు కాబట్టి మనమూ వాళ్ల వేళకే ఎక్కాలి. బియ్యం బస్తాల మధ్య, కోళ్ల బుట్ట పక్కన, నా మోకాలి మీద ఎవరిదో మూడేళ్ల పిల్ల. మా అమ్మాయి రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆ పిల్ల మాత్రం నిద్రపోయింది.

ఊరంతా మెట్లే. రేవు నుంచి గుట్ట మీదికి సిమెంటు మెట్లు, మెట్లకు అటూ ఇటూ ఇళ్లు, ప్రతి ఇంటి ముందూ తట్టల్లో జాపత్రి ఆరుతూ ఉంటుంది. మొదటిరోజు నెత్తుటెరుపు. ఎండ తగిలిన కొద్దీ నారింజ, తర్వాత పసుపు వన్నె. ఒక తట్ట చూసి ఇది ఎన్నాళ్లు ఆరిందో నేను చెప్పేస్తే, ఆ ఇంటి పెద్దావిడ నన్ను లోపలికి పిలిచి పీట వేసింది. వయసు నా అంతే ఉంటుంది. మా అమ్మాయి ఆమెను 'ఇబు' అంది, అమ్మా అని. ఆవిడా నన్ను 'ఇబు' అంది.

ఆవిడ వలుస్తుంటే పక్కన కూర్చున్నాను. పసుపుపచ్చ పండు పగిలి ఉంటుంది. బొటనవేలితో రెండు చెక్కలు చేసి, లోపలి గింజ తీసి, మొదలు దగ్గర గోటితో నొక్కి జాపత్రిని చిరగకుండా ఒకే తొడుగుగా ఊడదీస్తుంది. అరచేతుల మధ్య ఒత్తి తట్టలో పరుస్తుంది. చిరిగితే ధర పడిపోతుంది, అది మా కొట్టులోనూ అంతే. పెంకుతో ఉన్న గింజను చెవి దగ్గర ఆడించి చూపించింది. లోపలి కాయ ఎండి పెంకు వదిలితే గలగలమంటుంది, అప్పుడే పగలగొట్టాలి. గోడకు ఆనించి పొడుగాటి వెదురు గడ ఉంది, చివర వెదురుతోనే అల్లిన బుట్ట, బుట్ట మూతి దగ్గర కొక్కేల్లా రెండు పుల్లలు. 'గాయ్-గాయ్' అంటారు. కాయ కిందపడి దెబ్బ తినకుండా ఆ పుల్లల మధ్య ఇరికించి లాగితే బుట్టలో పడుతుంది. కంపెనీ కాలపు బొమ్మల్లోనూ ఇలాంటి గడే చూశాను.

ఈ చెట్లు మీవేనా అని అడిగించాను. వెనక వాలులో ఉన్నవి వాళ్ల తాత నాటినవట, అటు చివర ఉన్నవి మరిదివి. కాగితం ఉందా? నవ్వింది. చెట్టు ఎవరు నాటారో ఊరికి తెలుసు, అదే కాగితం. పావురాలు మింగి వేసిన గింజ మొలిచి చెట్టయితే? అది ఎవరి వాలులో మొలిస్తే వాళ్లది. నరికేసిన దీవి మళ్లీ చెట్లతో నిండడానికి పావురాలూ సాయపడి ఉంటాయి. వాటి మీద కంపెనీ గుత్త నడవలేదు.

మన్‌హటన్ సంగతి తెలుసా అని మా అమ్మాయి అడిగింది. తెలుసట. వచ్చిన ప్రతివాళ్లూ అదే అడుగుతారట.

"అమ్మా, ఇప్పుడావిడ అడుగుతోంది. మన ఊళ్లో కిలో ఎంతకమ్ముతారని."

చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగింది. తనకు నైరాలో కొనేవాడిచ్చే ధర చెప్పింది. మాది రెండింతలకు పైనే. ఆ తేడా ఎక్కడికి పోతుందని అడిగింది. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను: నైరా వరకు పడవ కిరాయి, నైరా వర్తకుడి లాభం, సురబయా దాకా ఓడ, అక్కడి ఏజెంటు, మళ్లీ ఓడ, మన కస్టమ్స్ సుంకం, లారీ, నా కమీషన్. ఆవిడ అంతా విని, కొనేవాడు ఒక్కడే కాకుండా ఇద్దరు వస్తే తన ధర పెరుగుతుందా అని అడిగింది. పెరుగుతుంది అన్నాను. రెండో వాడెందుకు రాడు? పడవ కిరాయి గిట్టదు కనక.

బయల్దేరే ముందు రెండు కిలోల జాపత్రి కొన్నాను, ముక్క కాని సరుకు ఏరుకుని. తగ్గించమంటే ఒక్క రుపయ్యా తగ్గించలేదు. మా ఊరి ధర ఇప్పుడు ఆవిడకు తెలుసు.